ఫ్యానాపు మామయ్య

మామయ్య సంతాప సభ వీడియో మొన్న మా కాలనీ గ్రూపులో పెట్టారు. బొమ్మకి వంక పెట్టడానికి లేదు. వేదిక మీద కూర్చున్న పెద్దల ముక్కుల మీద చెమట చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. వినిపించేది మాత్రం జనరేటరు. అది కాస్త ఊపిరి తీసుకున్నప్పుడు ఫ్యాను, ఫ్యాను తగ్గినప్పుడు రోడ్డు మీద లారీలు. సంఘం అధ్యక్షులవారు పోయినాయన గురించి ఎన్నో మంచి మాటలు చెప్పే ఉంటారు, పెదవులు అలాగే కదిలాయి. మాట స్పష్టంగా వినబడాలని బతుకంతా ఊరితో తగాదా పడిన మనిషికి మావాళ్ళిచ్చిన నివాళి ఇది. ఫోను తీసుకెళ్ళి హాలు చివర నిలబెట్టి, మైకు సంగతి దేవుడికి వదిలేశారు. మామయ్యే గనక బతికి ఉంటే తన సంతాప సభని మధ్యలో ఆపించి, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టించేవాడు.

ఆయన నాకు వరసకే మామయ్య. ఒడియా కొండల్లో సెమిలిగుడ దగ్గర మా ప్లాంటు టౌన్‌షిప్పులో శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు మొదటి జీతం అందుకునేలోపే ఒకరికొకరు బావలో అన్నదమ్ములో అయిపోతారు. నాన్న ప్లాంటులో రాయిని పిండి చేసే మిల్లులో పని చేసేవాడు. మామయ్యది ముళ్ళూ మీటర్లూ చూసుకునే విభాగం. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు బావా అనుకునేవాళ్ళు, ఒకళ్ళ మాట ఒకళ్ళు విన్నట్టు మాత్రం నేనెప్పుడూ చూడలేదు. రిటైరయ్యాక మిగతావాళ్ళు కాశీకి పోతే, ఈయన ఒక సంచీ నిండా మైకులు కొనుక్కున్నాడు. పెళ్ళిళ్ళకీ, సంఘం నాటకాలకీ, ఫోనులో ఛానెళ్ళు నడుపుకునేవాళ్ళకీ మాట రికార్డులో పట్టి ఇవ్వడం ఆయన పని. కెమెరా ఎవరైనా పట్టుకోవచ్చు, దాని మీద ఆయనకి గౌరవం లేదు.

ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మంలోనే గట్టిగా ఒక చప్పట కొట్టేవాడు. గది ఎంత మారుమోగుతుందో చూసుకోవడం అది. చప్పట నచ్చకపోతే ఆ ఇంటివాళ్ళ బొంతలు, దుప్పట్లు, ఆరేసిన చీరలు తీసుకొచ్చి గోడలకి కట్టించేవాడు. తర్వాత మంచినీళ్ళు కూడా తాగకుండా పైకి వేలు చూపించేవాడు. ఫ్యాను ఆపాలి. మే నెలలో కూడా ఆపాలి. పసిపిల్లాడి బారసాలలో కూడా ఆపాలి. ఊరు ఆయన అసలు పేరు మర్చిపోయి ఫ్యానాపు అని పిలవడం అందుకే. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

ఫ్యాను తర్వాతి శత్రువు ఫ్రిజ్జు. దాన్ని ఆపించి, వెళ్ళేటప్పుడు మళ్ళీ వేయడం మర్చిపోకుండా తన స్కూటరు తాళాలు అందులో పెట్టేవాడు. తాళాల కోసం తలుపు తీయాలి కదా, తీస్తే గుర్తొస్తుంది కదా అని ఏర్పాటు. మా ఇంటికి ఒకసారి నడిచి వచ్చాడు. తాళాలు లేవు కాబట్టి కళ్ళజోడు తీసి పాలగిన్నె పక్కన పెట్టాడు. పని అయ్యాక కళ్ళజోడు లేక స్విచ్చు ఏదో కనిపించలేదు. వేసిన స్విచ్చు వరండా లైటుది. మర్నాటి పొద్దున అమ్మ విరిగిన పాలు ఆయన పేరు చెప్పి పారబోసింది.

కరెంటు పోతే మాత్రం ఆయనకి పండగ. ఊరంతా తిట్టుకుంటూ విసనకర్రల కోసం వెతుక్కుంటుంటే ఆయన సంచీ భుజాన వేసుకుని, ఎవరింట్లో ఏ మాట పట్టడం మిగిలిపోయిందో గుర్తు చేసుకుంటూ బయల్దేరేవాడు. ఫ్రిజ్జులు లేవు, మోటార్లు లేవు, పక్కింటి టీవీ లేదు. అలాంటి మధ్యాహ్నాల్లో వీధిలో నిలబడి, మనం పాయసం తాగినంత తృప్తిగా ఏమీ వినబడకపోవడాన్ని వినేవాడు.

నేను బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పి, ఖాళీ ఉన్నప్పుడు వంటల వీడియోలు పెట్టేదాన్ని. మంచి కెమెరా ఉన్న ఫోను, దాని వెనక గుండ్రటి లైటు, కొత్త చీర, అన్నీ సమకూర్చుకున్నాను. మొదటి వీడియో చూసి ఆయన మా ఇంటికి వచ్చాడు.

“అమ్మి, బొమ్మ బాగుంది. నువ్వు వండింది ఏటో తెలీనేదు.”

రాగి అంబలి అని రెండుసార్లు చెప్పాను కదా అన్నాను.

“నువ్వు సెప్పేవు. మీ ఫ్రిజ్జు నిన్ను సెప్పనివ్వనేదు. బొమ్మ మసగ్గా ఉంటే జనం కళ్ళు నులుముకోనైనా సూత్తారు. మాట మసగ్గా ఉంటే లెగిసిపోతారు.”

ఆ తర్వాత నాకు అడక్కుండానే చదువు మొదలైంది. ఫోను తన దగ్గరున్న మూకుడు చప్పుడు వింటుంది గాని, దూరాన ఉన్న నా నోరు వినదు. కాబట్టి మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి, అదీ ఎదురుగా కాదు, కాస్త పక్కగా, ఊపిరి తగలకుండా. చొక్కాకి పెట్టుకునే చిన్న కాలరు మైకు మాట్లాడుతూ తిరిగేవాళ్ళకి మంచిది, కాని పట్టుచీర కింద దాచితే చీర గరగరే తప్ప మనిషి వినబడదు. నగలు తీసేయాలి. కర్రలా పొడుగ్గా ఉండే మైకు ఎటు చూపిస్తే అటే వింటుంది కాబట్టి పక్కవాళ్ళ గోల తగ్గుతుంది, అయితే చిన్న గదిలో అది కూడా గోడల మాటే వింటుంది. బయట గాలి ఉంటే మైకుకి ఉన్ని టోపీ పెట్టాలి. దానికోసం ఆయన తన మనవడి మంకీ క్యాపు కత్తిరించేశాడు. పిల్లాడు ఆ చలికాలమంతా చెవులకి తువ్వాలు చుట్టుకుని తిరిగాడు, మైకుకి మాత్రం జలుబు చేయలేదు.

ఆయన తలమీద ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్సు ఉండేవి. వాటిని ఇంకొకరు తాకడానికి వీల్లేదు. మైకు ఏం విన్నదో తాను వినకుండా ఎవరినీ నమ్మేవాడు కాదు. అవి పెట్టుకుని చేయి పైకెత్తాడంటే ఎదురుగా ఎవరున్నా నోరు ముయ్యాల్సిందే. ఆ చేతికి మా వాళ్ళు ఎంత అలవాటు పడ్డారో చెప్పాలంటే రాయగడ పెళ్ళి గురించి చెప్పాలి.

రాయగడలో మా పిన్ని కూతురి పెళ్ళి. బాబాయిది రైల్వేలో ఉద్యోగం. రైల్వేవాళ్ళకి రైలు చప్పుడు చప్పుడు కిందే లెక్క కాదు కాబట్టి, పట్టాలకి ఆనుకుని ఉన్న మండపం మాట్లాడేశాడు. మామయ్య రెండురోజుల ముందే వెళ్ళి చప్పట కొట్టి చూసి, గూడ్సు బళ్ళు ఏ వేళకి వస్తాయని అడిగాడు. గూడ్సుకి వేళేమిటని బాబాయి నవ్వాడు. పెళ్ళినాడు మామయ్య పంతులుగారి ఉత్తరీయానికి కాలరు మైకు తగిలించి, ఓ మూల కూర్చున్నాడు. తెరకి అటూ ఇటూ పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ జీలకర్ర బెల్లం ముద్దలు పట్టుకుని చేతులెత్తారు. సరిగ్గా అప్పుడు గూడ్సు వచ్చింది. మామయ్య చేయి లేచింది.

“పంతులుగారూ, టికే రుహ. గూడ్సుని ఎల్లనీండి” అన్నాడు, కాస్త ఆగమన్నది ఒడియాలో, మిగతాది తెలుగులో.

పంతులుగారు ఆగారు. ఎందుకు ఆగారో ఆయనకే తెలియదు. సన్నాయి ఆగింది, ఫ్యాన్లు అంతకుముందే ఆగాయి. రెండు ఇంజన్లు లాగుతున్న రాతి పొడి బండి, తొందరేమీ లేనట్టు, ఒక్కొక్క పెట్టే వెళ్తోంది. వధూవరుల చేతుల్లోంచి బెల్లం పాకం మోచేతులదాకా కారింది. మగపెళ్ళివారు వాచీలు చూసుకోవడం మొదలెట్టారు. గూడ్సుతోబాటు ముహూర్తం కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు కానీండి అన్నట్టు మామయ్య వేలు ఆడించాడు.

ఆ వీడియోలో మంత్రం ప్రతి అక్షరం గంట కొట్టినట్టు వినిపిస్తుంది. ఆ జంట పోట్లాడుకున్నప్పుడల్లా పిన్ని మామయ్యనే తిట్టేది. ఆయన కాస్త కూడా నొచ్చుకోలేదు. “ముహూర్తం ఎవులికి వినపడుద్ది? మంత్రం వినపడుద్ది” అనేవాడు.

ఇంతటి మనిషి మా ఇంటి మీద పూర్తిగా పడింది నాన్నకి గొంతు పాడైనప్పుడు.

మొదట బొంగురు, తర్వాత నొప్పి, తర్వాత విశాఖపట్నం. గొంతులో మాట పుట్టే భాగాన్ని తీసేయాలని, ప్రాణానికి భయం లేదని, మాట మాత్రం ఉండదని డాక్టర్లు చెప్పారు. దసరా వెళ్ళాక రమ్మన్నారు. ఆ కబురు విన్నప్పుడు నాకు చావు కబురు విన్నట్టే అనిపించింది. ఎందుకంటే నాన్న అంటే మాకు మొదట గొంతే. మిల్లులో పని చేసినవాళ్ళకి మెల్లగా మాట్లాడటం రాదు. అక్కడ ఇనప గుండ్లు దొర్లే హోరులో పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిస్తేగాని పని జరగదు. ఆ అరుపు ఇంటికి కూడా వచ్చేస్తుంది. నాన్న భోజనం దగ్గర ఉప్పు అడిగితే పక్క క్వార్టరు ఆవిడ గిన్నెతో ఉప్పు తెచ్చిన రోజులున్నాయి. ఆ అరుపుతోనే నాన్న సంఘం నాటకాల్లో రాజు వేషం వేసి పద్యాలు పాడేవాడు. చివరి రాగం ఎక్కడ ఆపాలో ఆయనకీ తెలిసేది కాదు, మాకూ తెలిసేది కాదు.

సంగతి తెలిసిన మర్నాడే మామయ్య సంచీతో దిగాడు. నాన్న అప్పటికే తల దువ్వుకుని, పట్టు కండువా వేసుకుని, పద్యాలన్నీ వరసగా మననం చేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పోయే గొంతు పదిమందికీ గుర్తుండేలా పోవాలని ఆయన పట్టుదల. మామయ్య ఆ కండువాని ఎగాదిగా చూశాడు.

“బావా, నీ పద్యాలన్నీ నాకాడ ఉన్నాయి. ఒక్కటి బాగునేదు, అన్నీ పగిలిపోనాయి. మైకు ముందు అరిసీవోడికి ఏ మైకు కొన్నా ఒకటే. పద్యాలు కాదు, మాటలు సెప్పు. ఆపరేషనయ్యాక మంచినీలు పద్యంలో అడుగుతావేటి?”

నాన్నకి ఒళ్ళు మండింది. తను బతికుండగానే తన చేత నీళ్ళు, టీ, తలుపెవరు అని చెప్పించి రికార్డింగు డబ్బాలో దాచుకోవడమేమిటని లేచిపోయాడు. ఆ రోజు భోజనం కూడా మానేశాడు. నాకూ అది అవమానంగానే తోచింది. మామయ్య మాత్రం రోజూ వచ్చి, చప్పట కొట్టి, బొంతలు కట్టి కూర్చునేవాడు. చివరికి నాన్నకి విసుగొచ్చి ఒప్పుకున్నాడు.

కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో పని సాగింది. మామయ్య నాన్న బనీనుకి కాలరు మైకు తగిలించి, రోజూ అవసరమయ్యే మాటలు ఒక్కొక్కటే చెప్పించేవాడు. అన్నం పెట్టు. ఆకలి లేదు. కాళ్ళు లాగుతున్నాయి. ఎవరదీ. ఊరుకో. నాన్న ప్రతిదీ మిల్లులో చెప్పినట్టే చెప్పేవాడు. ‘కాళ్ళు లాగుతున్నాయి’ విన్నవాళ్ళకి ఎక్కడో బండ పడిందనిపిస్తుంది. మామయ్య తల అడ్డంగా ఊపి ‘మళ్ళీ’ అనేవాడు. నాన్న మెల్లగానే చెబుతున్నానని అరిచేవాడు. గోడమీది కాకి లేచిపోయేది.

దసరా దగ్గరికొచ్చేసింది. నాన్న గొంతు రోజురోజుకీ తగ్గిపోతోంది, ఉన్న కాస్తా ఈ పనికే ఖర్చయిపోతోంది. సాయంత్రాలు మాతో మాట్లాడటానికి ఓపిక ఉండేది కాదు. అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చేది. మాట ఉన్న నాలుగు రోజులూ ఆ మాట మాకు దక్కనివ్వకుండా ఈ మనిషి సంచీలో వేసుకుపోతున్నాడని ఆవిడ బాధ. ఒకరోజు నేను వీధి గుమ్మంలో నిలబడి, రేపటినుంచి రావద్దని మామయ్యకి చెప్పేశాను. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇప్పటిదాకా చెప్పించినవన్నీ ఉన్నాయిగా, అవి చాలవా అన్నాను.

మామయ్య సంచీ గుమ్మం మీద దించాడు.

“అయి అరుపులు అమ్మి. అరుపు దాసుకుని ఏటి సేత్తారు? రేపట్నుంచి మీ అమ్మ మీద ఈ డబ్బా రోజూ అరుత్తాది. నాకు ఒక్క మాట దొరకనీ, మల్ల రాను.”

నేను అడ్డు తప్పుకున్నాను.

మర్నాడు మామయ్య ఎప్పుడూ చేయని పని చేశాడు. తన తలమీది హెడ్‌ఫోన్సు తీసి నాన్న తలకి పెట్టాడు. పెట్టి, డబ్బా మీద ఏదో గట్టిగా తిప్పాడు. నాన్న ఉలిక్కిపడ్డాడు. తన ఊపిరి తనకే గాలివానలా వినబడి ఉంటుంది.

“ఇదేటిది, ఎవులిది?” అన్నాడు, అని, తన మాట తన చెవుల్లో అంత పెద్దగా పడేసరికి జడిసి, గొంతు సగానికి దించేశాడు.

“నీదే. ఇప్పుడు సెప్పు.”

నాన్న మంచినీళ్ళు అన్నాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. బొంగురుగా, మెత్తగా, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టుంది. తన అరుపు తనకు ఇన్నేళ్ళూ వినబడనేలేదు పాపం, మిల్లు వినబడనివ్వలేదు. ఆ మధ్యాహ్నం ఆయన మాటలన్నీ మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆ గొంతు తనకే నచ్చినట్టుంది, అడగనివి కూడా నాలుగు చెప్పాడు. ఆఖర్న మామయ్య, అమ్మని పేరు పెట్టి పిలవమన్నాడు. ఏయ్ అనీ ఇదిగో అనీ తప్ప ఆవిణ్ణి నాన్న ఎన్నడూ పేరుతో పిలిచి ఎరగడు. సిగ్గుపడ్డాడు, దగ్గాడు, చివరికి పిలిచాడు.

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఎవులో వచ్చేరేటి? నన్ను పిలిసేరు” అంది.

మామయ్య తల తిప్పేసుకుని సంచీ సర్దుకోవడం మొదలెట్టాడు. ఆయన మాటకి కట్టుబడి ఆపరేషను అయ్యేదాకా మళ్ళీ రాలేదు.

విశాఖపట్నం నుంచి నాన్న మెడకి గుడ్డ చుట్టుకుని, మౌనంగా తిరిగొచ్చాడు. మామయ్య ఆ మాటలన్నీ నాన్న ఫోనులో బొమ్మలుగా పేర్చి ఇచ్చాడు. చెంబు బొమ్మ నొక్కితే నీళ్ళు, కప్పు బొమ్మ నొక్కితే టీ. మొదట్లో అంతా అభాసే. సెమిలిగుడ సంతలో వంకాయలు బేరమాడబోయి నాన్న తప్పు బొమ్మ నొక్కితే, వంకాయలమ్మే కొండ ఊరి దేశియా ముసలామె ముందు ఫోను అమ్మ పేరు ప్రేమగా పలికింది. ఆవిడ వంకాయలు తక్కువకి ఇవ్వలేదు గాని చాలాసేపు నవ్వింది. అమ్మ నెలరోజులు సంతకి వెళ్ళలేదు. అయితే ఇంట్లో మాత్రం, నాన్న ఆ బొమ్మ నొక్కినప్పుడల్లా, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి వచ్చేది. మా ఇంట్లో ఎవరూ అరవకుండా బతకడం మొదలెట్టింది అప్పట్నుంచే.

మామయ్య రోజూ సాయంత్రం వచ్చేవాడు. తను పట్టిన మాటల్లో తనకే తప్పులు కనిపించేవి. ‘ఊరుకో’లో బొంత సరిగా కట్టలేదని, ‘ఎవరదీ’లో దూరంగా కుక్క మొరిగిందని సణిగేవాడు. నాన్న జవాబుగా ‘ఊరుకో’ బొమ్మ నొక్కేవాడు. ఒకాయన నోటితో, ఒకాయన వేలితో, ఇద్దరూ చీకటి పడేదాకా పోట్లాడుకునేవాళ్ళు.

ఈ వర్షాల్లో ఒక ఉదయం మామయ్య నిద్రలోనే పోయాడు. మేం వెళ్ళేసరికి వరండాలో పడుకోబెట్టి ఉంచారు. అత్తయ్య తలదగ్గర కూర్చుంది, కంట చుక్క లేదు. వచ్చినవాళ్ళు వాళ్ళకి తోచినట్టు ఓదారుస్తున్నారు. నాన్న కాళ్ళదగ్గర నిలబడ్డాడు. చెప్పడానికి ఆయన దగ్గర ఏముంది? చావింట్లో అనాల్సిన మాట వాళ్ళిద్దరూ పట్టి పెట్టుకోలేదు. జేబులోంచి ఫోను తీశాడు. ఈ టైములో ఫోనేమిటని బొబ్బిలి నుంచి వచ్చిన మామయ్య అన్నగారు పక్కవాళ్ళతో అంటూనే ఉన్నారు. నాన్న వేలితో పైనుంచి కిందిదాకా వెళ్ళి, అట్టడుగున ఉన్న బొమ్మ నొక్కాడు.

“ఏటి, అప్పుడే లెగిసిపోతన్నావు? కూకో. టీ తాగి ఎల్దువుగాని.”

అది మేం ఎవరం చెప్పించిన మాట కాదు. ఆ ఆఖరి మధ్యాహ్నం మామయ్య సంచీ సర్దుకుని లేస్తుంటే, హెడ్‌ఫోన్సు ఇంకా తలమీదే ఉన్న నాన్న ఆయనతో అన్న మాట. మైకు ఆపలేదు. మామయ్య దాన్ని కూడా మిగతావాటితో పాటు చివర్న పెట్టేసి, ఎవరికీ చెప్పలేదు. నాన్నకి అది ఎప్పుడు కనబడిందో తెలియదు గాని, రోజూ సాయంత్రం మామయ్య వెళ్తానని లేచినప్పుడు అదే నొక్కేవాడు. మామయ్య విసుక్కుంటూ మళ్ళీ కూర్చునేవాడు.

అత్తయ్య మొహం ఒక్కసారిగా కదిలిపోయింది, అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే తల ఎత్తి నాన్నతో అంది.

“ఇంక కూకోడు అన్నయ్యా. మీరు పిలిసినా కూకోడు.”

నాన్న తల ఊపాడు. ఊపి, మళ్ళీ నొక్కాడు.